గుడ్డి దీపంలో కంటి వైద్యం

మా పెరట్లో డేగ రంగు కోడిపెట్టలు రెండు ఉన్నాయి. ఒకే తల్లి పిల్లలు కావడం వల్ల వాటిని వేరుచేసి గుర్తుపట్టడం మా ఆవిడకు తప్ప ఎవరికీ సాధ్యం కాదు. ఒక సాయంత్రం వాటిలో ఒకటి ఎడమ కన్ను మూసుకుని, దాన్ని మాటిమాటికీ భుజం మీది ఈకలకేసి రుద్దుకుంటూ కనిపించింది.

ఉల్లిపాయ రసం పిండమని మా అత్తగారు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఫ్రిజ్ మీద పాత కంటి చుక్కల సీసా ఒకటి ఉన్నది గాని, అందులో స్టెరాయిడ్ ఉంటే గీరుకున్న కంటికి ముప్పని విన్నందువల్ల దాన్నీ ముట్టలేదు. (ఈ వ్యవహారం మొత్తంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే.) పావు లీటరు కాచి చల్లార్చిన నీటిలో అర టీస్పూనుకు కాస్త తక్కువ ఉప్పు కలిపి సిద్ధంగా ఉంచుకున్నాను.

చీకటి పడితే కోడికి చూపు ఆనదు కనుక పెనుగులాడదని, రాత్రి తొమ్మిదింటికి సెల్‌ఫోను వెలుగులో గూటిలోకి చెయ్యి పెట్టి, కన్ను మూసుకున్న పెట్టను బయటికి తీసి, తల మాత్రం కనబడేలా తువ్వాలులో చుట్టాను. మూడు చుక్కలు పడ్డాయో లేదో, కన్ను ఠక్కున తెరుచుకుంది! అంతలోనే ముక్కు వైపు నుంచి పాలపొర వంటిదేదో అడ్డంగా జారడంతో, కంట్లో పువ్వు వేసిందని గుండె గుభేలుమని, మరో ఐదు చుక్కలు వేశాను. అది కోళ్ళన్నిటికీ పుట్టుకతో ఉండే మూడో రెప్ప అని తరువాత తెలిసింది. ఇలా మూడు రాత్రులు, మూడుసార్లూ తక్షణ ఫలితం.

నాలుగో ఉదయం మా ఆవిడ పిలిచింది. గోలెం చాటున ఒక పెట్ట, ఎడమ కన్ను ఉబ్బి, మూసుకుని నిలబడి ఉంది.

“ఏమండీ, రాత్రిపూట కళ్ళు మూసుకోని కోడి ఎక్కడైనా ఉంటుందా?”

పశువైద్యశాలలో డాక్టరుగారు కింది రెప్పను మెల్లగా లాగి, సూది తీసేసిన సిరంజితో ఉప్పునీరు చిమ్మగానే ఊక ముక్క ఒకటి జారి పడింది. మొహం వాపు, ముక్కు నుంచి దుర్వాసన, జుట్టు మీద పొక్కులు లేవు కనుక కొరైజా అనే కోళ్ళ అంటుజలుబు గాని, అమ్మవారు (కోళ్ళ మశూచి) గాని కాదన్నారు. ఆ లక్షణాలేవైనా కనబడితే మాత్రం ఇంటి వైద్యం కట్టిపెట్టి, జబ్బు కోడిని విడిగా ఉంచి వెంటనే రావాలని హెచ్చరించారు. గూట్లో ఊక ఎప్పుడు మార్చారని అడిగితే సంక్రాంతికన్నాను. ఏ సంక్రాంతికో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తడిసిన ఊకలో రెట్ట కుళ్ళి పుట్టే అమ్మోనియా కూడా కోళ్ళ కళ్ళను మండిస్తుందని, ఇంటికి వెళ్ళి కోడి ఎత్తుకు వంగి ఒకసారి వాసన చూడమని అన్నారు.

చూశాను. రెండు కళ్ళనూ ఉత్తరీయంతో ఒత్తుకుంటూ వెనక్కి తిరిగేసరికి మా అత్తగారు.

“ఉల్లి రసం తెమ్మంటారా, అల్లుడుగారూ?”

ఊక ఆ పూటే మార్చాను. రోగి వారానికి కోలుకుంది. నా వైద్యం పొందిన పెట్ట మాత్రం, పొద్దు వాలగానే గూటి వంక కన్నెత్తి చూడకుండా, మునగచెట్టు చిటారు కొమ్మకు చేరుతోంది.