సంతకం పెట్టేస్తే రేడియేషన్ పారిపోద్దా?

ఇవాళ మా డిపార్ట్‌మెంట్‌లో రేడియేషన్ సేఫ్టీ ట్రైనింగ్. హాల్లో అడుగు పెట్టామో లేదో చేతిలో షీట్ పెట్టారు, "విని అర్థం చేసుకున్నాను" అని సంతకం చేయాలంట. ఇంకా మొదలే కాలేదు కదా సార్ అంటే, "పెట్టేయమ్మా, తర్వాత ఎవరూ దొరకరు" అన్నారు. పెట్టేశా. ఎక్కడ పెట్టానో చివర్లో చెప్తా.

ఫస్టియర్ పిల్ల ఒకతి రేడియోధార్మిక ఫాస్ఫరస్-32కి అడ్డంగా ఏ షీల్డ్ వాడాలి సార్ అని అడిగింది. "సీసమే, ఎంత మందమైతే అంత మంచిది" అంట! దాన్నుంచి వచ్చే బీటా కణాలు నేరుగా సీసానికి తగిలితే అక్కడే ఎక్స్‌రేలు పుడతాయి, అందుకేగా ముందు యాక్రిలిక్ ప్లాస్టిక్ పెట్టుకునేది. ఆయన మాకు ట్రైనర్. సమోసా మాత్రం వేడిగా ఉంది, అబద్ధం చెప్పకూడదు.

ఆ సమోసాలు మోసుకొచ్చిన అటెండర్ అన్నని గుమ్మం దగ్గరే ఆపేశారు, ఇది స్కాలర్స్‌కి మాత్రమేనంట. రేడియోధార్మిక పదార్థాలు వాడే హాట్ ల్యాబ్‌లో చెత్త డబ్బా ఎత్తేది ఎవరండీ, స్కాలర్సా? దాని మీద మూడు రెక్కల రేడియేషన్ హెచ్చరిక బొమ్మ చూసి ఇన్నాళ్ళూ ఫ్యాన్ గుర్తు పార్టీ స్టిక్కర్ అనుకున్నాడు పాపం, అడిగితే "ఎలక్షన్లప్పుడు ఎవరో అంటించారేమో అనుకున్నా మేడం" అన్నాడు, నవ్వాలో ఏడవాలో తెలీలా.

ఢిల్లీ తుక్కు మార్కెట్ మాయాపురిలో జరిగింది గుర్తుందా ఎవరికైనా? 2010లో. 1985 నుంచి మూలన పడున్న గామా సెల్‌ని, అంటే ప్రయోగాలకి గామా కిరణాలు ఇచ్చే మెషీన్‌ని, ఢిల్లీ యూనివర్సిటీ వాళ్ళు వేలంలో తుక్కు కింద అమ్మేశారు, లోపల రేడియోధార్మిక కోబాల్ట్-60 అలాగే ఉంది. తుక్కు షాపులో విప్పారు. ఒకతను ముక్క పర్సులో పెట్టుకుని తిరిగాడు, ఒళ్ళు కాలింది. ఇంకొకతను చచ్చిపోయాడు. పీహెచ్‌డీలు ఉన్నోళ్ళు అమ్మారు, చదువు లేనోళ్ళు పోయారు. మనకేమో సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో.

అసలు నా కడుపుమంట వేరే ఉందిలెండి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కగట్టే టీఎల్‌డీ బ్యాడ్జ్ రెండేళ్ళుగా అడుగుతున్నా, "సీనియర్‌ది ఉందిగా, అదే పెట్టుకో" అంటారు మా గైడ్ గారు. ఆ అన్న పీహెచ్‌డీ అయిపోయి డల్లాస్‌లో ఇల్లు కూడా కొన్నాడు, రికార్డుల్లో మాత్రం మూడు నెలలకోసారి ఇక్కడే డోస్ తీసుకుంటున్నాడు! నా ఒంట్లోకి ఎంత వెళ్ళిందో రేపు అడిగితే ఎవడు చెప్తాడు?

ఇవాళ్టి షీట్‌లోనూ నా పేరు లేదు, ఆ డల్లాస్ అన్న పేరే ఉంది. దాని ఎదురుగానే పెట్టా సంతకం.