వడ్డీ లేని అప్పు

స్వతంత్ర కాంట్రాక్టర్లు ఎక్కడ కలిసినా మాట రేటు దగ్గర మొదలై అక్కడే తిరుగుతుంది. గంటకెంత, రోజుకెంత, పోయినసారి మీద ఎంత పెరిగింది. ఆ ఒక్క అంకె మీద మూడు రోజులు బేరమాడిన మనిషి, పన్నెండు పేజీల ఒప్పందాన్ని మాత్రం వేలితో పైకి జరుపుకుంటూ పోయి అడుగున సంతకం పెట్టేస్తాడు. డబ్బు పోయేది ఆ పన్నెండు పేజీల్లో, అందులోనూ చెల్లింపు తేదీ చెప్పే రెండు మూడు వాక్యాల్లో.

రేటు సంగతి ముందు తేల్చేద్దాం. ఏడాదికి 52 వారాలు, వారానికి 5 రోజులు, మొత్తం 260 రోజులు. పాత జీతాన్ని 260తో భాగించి రేటు చెప్పడం కొత్తవాళ్లు చేసే తప్పు. సెలవులకూ జ్వరాలకూ 30 రోజులు, ఒక కాంట్రాక్టు అయ్యాక మరోటి దొరికేదాకా 30, కొటేషన్లు, పన్ను లెక్కలు, బాకీల వెంట తిరగడానికి 20 తీసేస్తే బిల్లు వేయగలిగేవి 180. అంటే ఉద్యోగంలో వచ్చినంతే రావాలన్నా రోజు రేటు 44 శాతం ఎక్కువ ఉండాలి. యజమాని కట్టే పింఛను వాటా, బీమా, కంప్యూటరు ఖర్చు ఇందులో ఇంకా చేరనే లేదు. ఈ లెక్క ఎవరైనా పది నిమిషాల్లో వేసుకోగలరు. కష్టమైన లెక్క వేరే ఉంది.

ఒప్పందంలో ‘నెట్ 45’, అంటే 45 రోజుల్లో చెల్లిస్తాం అని ఉందనుకోండి. నెలన్నరే కదా అనిపిస్తుంది. ఏ రోజు నుంచి నెలన్నర? నెలకోసారి ఇన్వాయిస్ పద్ధతైతే ఒకటో రోజు చేసిన పనికి 30వ రోజున బిల్లు వెళ్తుంది. 45 కలిపితే 75. గడువు ‘ఇన్వాయిస్ ఆమోదించిన నాటి నుంచి’ మొదలవుతుందని రాసి ఉంటే, ఆమోదానికి పట్టే పది రోజులూ కలిసి 85. ఆ రోజు డబ్బు రాలేదు. మొహమాటానికి ఒక వారం ఆగుతారు, రెండు మెయిళ్లు పెడతారు. 92. ఈలోగా పని ఆగలేదు. మొదటి బిల్లు ఎగ్గొట్టారని తెలిసే వేళకు మూడు నెలల కష్టం అవతలి చేతుల్లో ఉంటుంది.

అదే రేటుకి, రెండు వారాలకోసారి ఇన్వాయిస్, అందిన 7 రోజుల్లో చెల్లింపు, మరో 5 రోజులు దాటితే పని ఆపేసే హక్కు రాయించుకుంటే? 14, 7, 5 కలిపి 26వ రోజున చేయి ఆపవచ్చు. పోయినా పోయేది నాలుగు వారాల కన్నా తక్కువ. రేటు పది శాతం పెంచుకున్నవాడి కన్నా ఈ మార్పు చేయించుకున్నవాడే తెలివైనవాడని నా లెక్క. ఎందుకంటే ‘నెట్ 45’ అసలు రూపం అప్పు. వడ్డీ లేదు, తాకట్టు లేదు, పూచీ లేదు. తీసుకునేది కంపెనీ, ఇచ్చేది నెల తిరిగితే అద్దె కట్టుకోవాల్సిన మనిషి.

పైగా ఈ అప్పు తీర్చే రోజును తీసుకున్నవాడే నిర్ణయిస్తాడు. ‘పని సంతృప్తికరంగా ఉన్నప్పుడు చెల్లిస్తాం’ అనే వాక్యంలో సంతృప్తి ఎవరిదో, ఎన్నాళ్లలో తేలాలో ఉండదు. దీనికి మందు: పని అప్పగించిన 10 పనిదినాల్లో ఫలానా అంశంలో లోపం ఉందని రాతపూర్వకంగా చెప్పకపోతే ఆమోదించినట్టే అని ఒక వాక్యం. ఇది అత్యాశేమీ కాదు. భారతదేశంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టంలోనే ఉంది: అప్పగించిన 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే స్వీకరించినట్టే. అక్కడి నుంచి, ఒప్పందం ఏం చెప్పినా 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఇది సూక్ష్మ, చిన్న సంస్థలుగా నమోదైనవారికే. నమోదు చేసుకోకుండా నేను వ్యక్తిని కదా అనుకుని ఊరుకునే కాంట్రాక్టర్లు ఎందరో. బ్రిటన్‌లో 1998 చట్టం ప్రకారం ఆలస్యమైన బిల్లుకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల రేటుకు పైన మరో 8 శాతం వడ్డీ. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ఫ్రీలాన్సర్లతో 800 డాలర్లు, ఆపైన పనికి రాత ఒప్పందం తప్పనిసరి. అందులో తేదీ లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో ఇవ్వాలి.

ఏజెన్సీ ద్వారా వచ్చే పనుల్లో ఇంకో వాక్యం ఉంటుంది: ‘అసలు క్లయింటు నుంచి మాకు డబ్బు అందాక చెల్లిస్తాం’. కొన్నింటిలో ‘అందితే’ అని ఉంటుంది. అందాక, అందితే. ఒకటి ఆలస్యం, రెండోది ఎగవేతకు ముందస్తు అనుమతి. అసలు క్లయింటుతో మీకు ఒప్పందమే ఉండదు కనుక నేరుగా వాళ్లను అడగాలన్నా చేతిలో కాగితం ఉండదు. ‘క్లయింటు చెల్లించినా చెల్లించకపోయినా ఇన్వాయిస్ తేదీ నుంచి 30 రోజులు దాటకూడదు’ అని మార్పించకుండా ఇలాంటిదాని మీద సంతకం పెట్టకూడదు. దశలవారీ చెల్లింపుల్లోనూ ఇదే మెలిక: చివరి 40 శాతం ‘వెబ్‌సైటు ప్రారంభించిన రోజున’. ప్రారంభోత్సవం ఆరు నెలలు వాయిదా వేయడం క్లయింటు ఇష్టం. చివరి వాయిదా 10 శాతం మించకుండా, అప్పగింతకు ముడిపడి ఉండాలి.

హక్కుల క్లాజు దగ్గర ఇంకాస్త ఆగాలి, చేతిలో ఉన్న ఏకైక పట్టు అదే గనక. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ‘తయారైన క్షణం నుంచే సర్వహక్కులూ క్లయింటువి’ అని ఉంటే, డబ్బు రాకపోయినా మీ పని వాళ్లదే. ‘పూర్తి చెల్లింపు అందిన తర్వాతే హక్కుల బదిలీ’ అని మార్చితే, బాకీ ఉన్న కంపెనీ వాడుకుంటున్నది ఇంకా మీ ఆస్తి. పని పురమాయించి డబ్బిచ్చినంత మాత్రాన స్వతంత్ర కళాకారుడి కాపీరైట్ దానంతటదే పురమాయించినవారిది కాదని అమెరికా సుప్రీంకోర్టు 1989లో ఒక శిల్పి కేసులో తేల్చింది. చట్టం ఇచ్చినదాన్ని మనం సంతకంతో పోగొట్టుకుంటున్నాం. అలాగని కోడులో దొంగతాళం పెట్టి డబ్బివ్వకపోతే సైటు ఆపేస్తాననే తెలివి వద్దు, ఒప్పందంలో లేని ఆ పనికి కేసు మీ మీదికే వస్తుంది.

మీరు కట్టాల్సిన నష్టపరిహారానికి పరిమితి లేకపోతే ఆ ఒప్పందంలో మీకు దక్కే మొత్తాన్నే పరిమితిగా పెట్టించండి. ‘మాకు రావాల్సినవి మీ బిల్లులోంచి మినహాయించుకుంటాం’ అనేదాన్ని కొట్టేయించండి. రద్దు నోటీసు వాళ్లకెన్ని రోజులో మీకూ అన్నే.

ఇవన్నీ అడిగితే పని పోతుందంటారు. పెద్ద కంపెనీలకు చెల్లింపు చక్రాలు స్థిరంగా ఉంటాయనీ, ఒక్కరి కోసం మార్చరనీ అంటారు. కొంత నిజం; అన్నీ అడిగితే ఒప్పుకోరు, తేదీ, హక్కులు రెండే అడగండి. కానీ ఆ చక్రం సాఫ్ట్‌వేర్ నిబంధన కాదు, ఖజానా విధానం. సరఫరాదారులకు ఎన్ని రోజులు ఆపి చెల్లించామన్నది ఫైనాన్స్ విభాగాలు లెక్కగట్టి చూసుకునే కొలమానం. ఆ రోజులు పెంచితే బ్యాంకు అప్పు తగ్గుతుంది. ఇంకా విచిత్రం, మీ డబ్బు మీకే తొందరగా ఇవ్వడానికి తగ్గింపు అడుగుతారు. 30వ రోజు ఇవ్వాల్సింది 10వ రోజే ఇస్తాం, 2 శాతం వదులుకోండి అంటారు. 20 రోజులకు 2 శాతమంటే సాలీనా 37 శాతం వడ్డీ.

ఈ పద్ధతి ఎక్కడికి చేరుతుందో బ్రిటన్ నిర్మాణ సంస్థ కారిలియన్ చూపించింది. చెల్లింపుల్లో ఆలస్యం చేయబోమనే స్వచ్ఛంద నియమావళి మీద సంతకం పెట్టిన కంపెనీయే సరఫరాదారులకు 120 రోజుల గడువు పెట్టింది. ముందే కావాలంటే కోత. 2018 జనవరిలో కూలినప్పుడు సుమారు 30,000 మంది సరఫరాదారులు, ఉప కాంట్రాక్టర్లు, ఇతర స్వల్పకాలిక రుణదాతలకు దాదాపు 200 కోట్ల పౌండ్లు బాకీ. అందులో వాళ్లకు తిరిగొచ్చేది కొద్దిగానేనని పార్లమెంటు కమిటీలు అదే ఏడాది తమ నివేదికలో రాశాయి. పూచీ లేని రుణదాతల వంతు వరసలో చివర వస్తుంది. అడ్వాన్సు తీసుకున్నవాడు ఆ మేరకు ఆ వరసలో నిలబడనక్కర్లేదు. కొత్త క్లయింటుకు మొదటి ఇన్వాయిస్ పని మొదలుపెట్టక ముందే పంపండి, రెండు వారాల మొత్తానికి.