ర్యాకు వెనకాల వేలాడే రెండో కేబుల్‌కు ఒక ఉత్తరం

రెండో కేబుల్ గారికి,

కర్నూలు నుంచి, మెట్ల కింద గదిలోంచి, మీకు మూరెడు దూరంలో స్టూలు మీద కూర్చుని రాస్తున్నా. రోజూ ఎదురెదురుగా ఉంటూ ఉత్తరమేంది అనుకోకండి. ఎన్నిసార్లు మొహం మీద చెప్పినా మీరు పచ్చగా కన్ను కొట్టడం తప్ప ఉలకరు, పలకరు.

మర్యాద ఇక్కడికి చాలు. ఇక నువ్వే అంటా.

మూడేళ్ళయింది నువ్వు ఈ ఆసుపత్రి సర్వర్‌కు రెండో నెట్‌వర్క్ వైరుగా వచ్చి. కొటేషన్‌లో నీ గురించి 'ఫుల్ రిడండెన్సీ' అని రాశారు, అంటే ఒకటి పోయినా ఇంకొకటి ఆదుకుంటుందని, ఆ రెండు మాటలు చదివి డాక్టరు సారు ఎంత మురిసిపోయారో, నీ ధర కంటే ఆ మాటల ధరే ఎక్కువని నాకు తర్వాత తెలిసింది. అప్పట్నుంచి నువ్వు ఇల్లరికపు అల్లుడివి. మొదటి కేబుల్ పొద్దున ఓపీ మొదలైనప్పట్నుంచి రాత్రి మందుల షాపు మూసేదాకా బిల్లులు, రిపోర్టులు, స్కాన్ ఫైళ్ళు మోస్తుంటే, నువ్వు పక్క పోర్టులో కాలు మీద కాలేసుకుని ఉంటావ్. దీనికి సర్వర్‌ను నడిపే లైనక్సులో పేరు కూడా ఉంది, యాక్టివ్ బ్యాకప్, మోడ్ 1. ఒకరు యాక్టివ్. ఇంకొకరు నువ్వు.

సరే, కష్టం వచ్చిన రోజున లేస్తావులే అని ఓర్చుకున్నా. ఆ రోజు రానే వచ్చింది, పోయిన మే నెలలో, సోమవారం. బయట ఎండ చంపేస్తోంది, ఈ గదిలో ఏసీ పేరుకే ఉంది. పొద్దున పదిన్నరకు నేను ఉగ్గానిలో బజ్జీ విరుచుకుంటున్నా, వైర్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ పవర్ సప్లయ్ ఠప్పుమంది. ఓపీ లైను గేటు దాకా ఉంది. కౌంటర్ అమ్మాయి ఫోను, "అన్నా, బిల్లు రావడం లేదన్నా." ఫార్మసీ ఫోను. ల్యాబు ఫోను. ఆఖరికి డాక్టరు సారే మెట్లు దిగి వచ్చి, "రెండు వైర్లు వేశామంటివి కదప్పా?" అన్నారు.

వేశాం సార్. మొదటిది మూడో పోర్టులో, రెండోది నాలుగో పోర్టులో. రెండూ ఒకే స్విచ్‌లో.

ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చేతిలో బజ్జీ కూడా ఉంది.

మా అవ్వ గుర్తొచ్చింది అప్పుడు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డప్పుడు, పాత ఊర్లో నీళ్ళు మొదటి అంతస్తుల దాకా ఎక్కాయి. మా అవ్వ జాగ్రత్త గల మనిషి. పొలం పాసుబుక్కు ఎక్కడ పోతుందో అని ముందే జిరాక్స్ తీయించి పెట్టింది. బురద కడిగి ట్రంకుపెట్టె తెరిస్తే అసలూ, జిరాక్సూ ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దగా ఉన్నాయి. "రెండు పెట్టినా కదా నాయనా" అని ఆమె ఏడ్చింది. రెండు పెట్టింది, నిజమే. పెట్టె ఒకటే.

సరే, రెండో స్విచ్ కొన్నాం. నిన్ను పీకి అందులో పెట్టాం. అక్కడితో నీకు సొంత కాపురం వచ్చిందనుకున్నా, కానీ కొత్త స్విచ్ బిగించడానికి వచ్చిన అబ్బాయి పోతూపోతూ రెండు వైర్లను జతకట్టే బాండింగ్ సెట్టింగును మోడ్ 0 చేసి పోయాడు. ప్యాకెట్టంటే డేటా ముక్క. ఒక ప్యాకెట్టు ఈ వైరులో, తర్వాతి ప్యాకెట్టు ఆ వైరులో, వంతులవారీగా. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మీ ఇద్దరూ బయటికి చూపించే మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో గుర్తింపు నంబరు, ఒకటే, ఇప్పుడు స్విచ్‌లు చూస్తే రెండు. ఒక స్విచ్ 'ఈ సర్వర్ నా దగ్గరే ఉంది' అంటుంది, అంతలోనే రెండోది 'కాదు, నా ఇంట్లో ఉంది' అంటుంది, మధ్యలో ప్యాకెట్లు వరస తప్పి చేరుతున్నాయి. లాగ్ తెరిస్తే మ్యాక్ ఫ్లాపింగ్ అని పేజీలకు పేజీలు. ఒకే ఆధార్ మీద రెండు ఊర్లలో రేషన్ తీసుకునేవాణ్ణి పట్టుకున్నట్టు స్విచ్‌లు రెండూ నా మీద ఫిర్యాదులు రాస్తున్నాయి.

మళ్ళీ వచ్చాడు ఆ అబ్బాయి. ఈసారి ఎల్‌ఏసీపీ అన్నాడు, సర్వరూ స్విచ్చూ మాట్లాడుకుని రెండు వైర్లను ఒకటిగా వాడుకునే పద్ధతి. 2000లో 802.3ఏడీ పేరుతో వచ్చిన ప్రమాణం, 2008లో 802.1ఏఎక్స్‌కు మారింది, లైనక్సులో మోడ్ 4. మంచిదే, నాకు దాని మీద కోపం లేదు. కానీ అది పనిచేయాలంటే అవతలి రెండు చివరలూ ఒకే స్విచ్‌లో ఉండాలి, లేదా రెండు స్విచ్‌లూ స్టాక్ అయో, ఎంలాగ్‌తోనో ఒకే స్విచ్‌లాగా మాట్లాడాలి. మేం కొన్నవి ఒకదాని మొహం ఒకటి చూడని చవక రకం. దాంతో సర్వర్ మిమ్మల్ని రెండు వేరు వేరు గుంపులుగా లెక్కేసి, ఒక గుంపునే వాడుకుంది. ఏ గుంపు కాదో నీకు చెప్పక్కర్లేదు. ఎన్ని తిప్పలు పడినా చివరికి నీ కాలు మీద నీ కాలే.

ఈలోగా డాక్టరు సారుకు ఒక అనుమానం. "ఒక గిగా వైర్లు రెండున్నాయి కాబట్టి స్పీడు రెండు గిగాలు కదా?" కాదు సార్, ఇప్పుడున్న పద్ధతిలో ఒకటే పనిచేస్తుంది. "మంచి స్విచ్‌లు కొంటే?" కొన్నా సరే, ఒక పెద్ద స్కాన్ ఫైలు కాపీ చేస్తే సెకనుకు 110 మెగాబైట్ల దగ్గరే, అంటే ఒక్క వైరు మోసేంత దగ్గరే, ఆగుతుంది. ఆయనకు అర్థం కాలేదు. అమకతాడు టోల్‌గేటు చెప్పా. హైదరాబాదు నుంచి వచ్చే బండ్లకు ఎన్ని లైన్లు తెరిచినా ఒక లారీ ఒక లైన్లోంచే పోవాలి కదా సార్, లారీని నిలువునా కోసి సగం అటూ సగం ఇటూ పంపరు కదా, ఇదీ అంతే. ఒక సంభాషణ మొత్తం ఒకే వైరులో పోతుంది, లేకపోతే ప్యాకెట్ల వరస చెడుతుంది. వంద బండ్లు వస్తేనే రెండు లైన్ల లాభం. అది కూడా ఏ బండి ఏ లైనుకో తేల్చే లెక్క సరిగ్గా ఉంటేనే. మామూలుగా ఆ లెక్క మ్యాక్ అడ్రసులు చూసి చేస్తారు. మా కౌంటర్లన్నీ రూటర్ అవతల ఉన్నాయి, అంటే సర్వర్ నుంచి పోయే ప్రతి ప్యాకెట్టు మీదా ఉండేది రూటర్ మ్యాకే, కాబట్టి లెక్క ఎన్నిసార్లు చేసినా జవాబు ఒకే లైను. ఐపీ అడ్రసులూ, ప్రోగ్రాముల పోర్టు నంబర్లూ చూసి లెక్కేయమని చెప్తే తప్ప రెండో లైను ఖాళీ. సారు కాసేపు ఆలోచించి, "అయితే ఫాస్టాగ్ పెట్టుకుందాం" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

మోడ్ 6 అని ఇంకొకటుంది. స్విచ్‌లకు ఏమీ చెప్పకుండా, అడిగిన వాళ్ళలో కొందరికి ఒక వైరు మ్యాకూ, ఇంకొందరికి ఇంకో వైరు మ్యాకూ చెప్పి పని పంచుతుంది. ఇద్దరికి రెండు మాటలు చెప్పేవాళ్ళతో నాకు పడదు. వదిలేశా.

మళ్ళీ మోడ్ 1కే వచ్చాం. అప్పుడు మొదటిసారి నిన్ను పరీక్ష చేశా, రాత్రి తొమ్మిదికి. మొదటి కేబుల్ పీకా. సర్వర్ సెకనుకు పదిసార్లు లైటు చూసుకుంటుంది కాబట్టి వెంటనే పసిగట్టింది, 'ఇకమీదట నేను ఈ వైరులో ఉన్నా' అని నెట్‌వర్క్ అంతా వినబడేట్టు ఒక కేక పెట్టింది, 'ఉన్నావా' అని అడిగే పింగ్ ఒక్కటి పోయింది, అంతే. లేచావ్! నిజం చెప్తున్నా, కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. తప్పుగా అనుకున్నానేమో నిన్ను అనిపించి, మొదటి కేబుల్‌ను మళ్ళీ దాని చోట్లో పెట్టా.

అప్పుడు పోయింది నెట్‌వర్కు. అర నిమిషం.

పోయేటప్పుడు పోలేదు, వచ్చేటప్పుడు పోయింది. కారణం కనుక్కోవడానికి రెండు రాత్రులు పట్టింది. మొదటి కేబుల్‌ను ప్రైమరీ అని రాసిపెట్టాం, కాబట్టి దాని లైటు వెలగ్గానే సర్వర్ నిన్ను వదిలేసి పరుగెత్తింది. కానీ స్విచ్‌లో స్పానింగ్ ట్రీ అనే వాచ్‌మన్ ఉన్నాడు. నెట్‌వర్క్‌లో సుడులు పడి ప్యాకెట్లు అందులోనే తిరుగుతూ ఊరంతా ముంచేయకుండా 1985లో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టిన పద్ధతి అది. మా స్విచ్‌లో ఉన్నది దాని పాత రకం. కొత్తగా ఎవరొచ్చినా పదిహేను సెకన్లు వింటాడు, ఇంకో పదిహేను సెకన్లు నేర్చుకుంటాడు, తర్వాతే గేటు తీస్తాడు. అంటే బెంగళూరు నుంచి పెద్దల్లుడు దిగాడని ఇంట్లో వాళ్ళంతా చిన్నల్లుణ్ణి వదిలేసి గేటు దగ్గరికి ఉరికితే, గేటుకు తాళం. పెద్దల్లుడు బయట, ఇంట్లో వాళ్ళు లోపల, నువ్వు వంటింట్లో ఒక్కడివే. ఇందులో నీ తప్పు లేదని ఒప్పుకుంటున్నా. సర్వర్ పోర్టులకు వాచ్‌మన్ తనిఖీ వద్దని పోర్ట్‌ఫాస్ట్ పెట్టా, లైటు వెలిగినా కాసేపు ఆగి నమ్మమని సర్వర్‌కు అప్‌డిలే ఇచ్చా.

కానీ ఆ లైటు విషయంలో మాత్రం నిన్ను క్షమించను. దసరా ముందు పై అంతస్తులో పెయింటింగ్ పని జరుగుతుంటే, మొదటి స్విచ్ నుంచి పైకి పోయే వైరు నిచ్చెన కింద నలిగిపోయింది. కింద చూస్తే అన్నీ పచ్చ లైట్లే. సర్వర్‌కూ స్విచ్‌కూ మధ్య వైరు బాగుంది కదా, లైటు ఉంది కదా, ఇంకేం కావాలి అని సర్వర్ మొదటి కేబుల్‌నే పట్టుకుని వేలాడింది. ప్యాకెట్లు స్విచ్ దాకా పోయి అక్కడే ప్రాణం వదిలాయి. నీ దారి మాత్రం పై దాకా తెరిచే ఉంది. నువ్వు చూస్తూ ఉన్నావ్. ఒక్క మాట అనలేదు. ఎవరూ పిలవలేదు కాబట్టి రాలేదంటావ్, తెలుసు నాకు. అందుకే ఇప్పుడు లైటు చూడటం మాన్పించి, రెండు సెకన్లకోసారి 'రూటరన్నా, ఉన్నావా?' అని అడిగి జవాబు వస్తేనే నమ్మేలా ఏఆర్‌పీ పరీక్ష పెట్టా. రెండు పద్ధతులూ కలిపి పెట్టకూడదు, దీనితో అప్‌డిలే కూడా నడవదు, కాబట్టి మొన్న కష్టపడి పెట్టింది నిన్న తీసేశా. ఈ ఉద్యోగం ఇట్లుంటుంది.

ఇక చివరిది, పోయిన గురువారం సంగతి. ఇద్దరికీ వేరే స్విచ్, వేరే పోర్టు, పైకి వేరే వైరు, అన్నీ అయ్యాయని గుండె మీద చెయ్యేసుకుని భోజనానికి పోయా. వచ్చేసరికి రెండు స్విచ్‌లూ చీకటి. ఎలక్ట్రీషియన్ పెద్దాయన మెట్ల కింద చల్లగా కూర్చుని టేబుల్ ఫ్యాన్ ముందు బీడీ తీస్తున్నాడు. ఫ్యాన్‌కు ప్లగ్గు కావాలని యూపీఎస్ సాకెట్లోంచి ఒక స్పైక్ బస్టర్ పీకాడంట. రెండు స్విచ్‌లకూ కరెంటు ఆ ఒక్క స్పైక్ బస్టర్ నుంచే. అది పెట్టింది ఎవరో కాదు, నేనే. "ఒకటే కదా సామీ పీకింది" అన్నాడాయన. మళ్ళీ మా అవ్వ ట్రంకుపెట్టె.

అందుకని చెప్తున్నా విను. ఇవాళ నీ స్విచ్ వైరు వేరే యూపీఎస్‌కు మార్చా. ఆదివారం పొద్దున ఆరుకు వస్తా, ఓపీ ఉండదు. మొదటి కేబుల్ పీకుతా, పెడతా. మొదటి స్విచ్ ఆపుతా, పెడతా. పైకి పోయే వైరు పీకుతా. ఒక యూపీఎస్ ఆపుతా. పింగ్ నడుస్తూనే ఉంటుంది, ఎన్ని పోయాయో కాగితం మీద రాసి డాక్టరు సారు బల్ల మీద పెడతా. ఇకమీదట నెలకోసారి ఇదే పని. ఇంకొకటి, సర్వర్‌లో మీరిద్దరూ ఒకే నెట్‌వర్క్ కార్డు మీద ఉన్న సంగతి నిన్న రాత్రే గమనించా. దాని గురించి సారుకు ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు, కొత్త కార్డు కొటేషన్ వచ్చేదాకా.

ఇట్లు,
నీ పక్కన స్టూలు మీద కూర్చున్నవాడు,
కర్నూలు

తా.క.: పెద్దాయన ఫ్యాన్‌కు గోడ మీద విడిగా ప్లగ్గు పెట్టించా. దానికి బ్యాకప్ లేదు.