మైకు ముందు ఒకటి, బోనులో ఇంకొకటి

కరెంటు తీసే గాలి ఫ్యాన్లు వచ్చాక మబ్బులు చెదిరిపోతున్నాయని అనంతపురం జిల్లాలో నమ్మే రైతులున్నారు. ఆ నమ్మకం తప్పే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే ఈ సీమ, ఆ ఫ్యాన్లు పుట్టక ముందే 1876–78లో ధాత కరువును చూసింది. కానీ ఆ రైతు రచ్చకట్ట మీద ఏమంటాడో కలెక్టరు ముందూ అదే అంటాడు. వానల లెక్క చూపించి అతనితో వాదించొచ్చు. అమెరికా టాక్‌షో వ్యాఖ్యాత అలెక్స్ జోన్స్‌తో ఆ వీలు లేదు. ఏ మాటతో వాదించాలి?

2012 డిసెంబర్ 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. అదంతా నాటకమని, ఏడ్చే తల్లిదండ్రులు నటులని జోన్స్ ఏళ్ల తరబడి ప్రచారం చేశాడు. ఆ తల్లిదండ్రులు పరువునష్టం దావా వేశారు. 2019 వాంగ్మూలంలో, అన్నీ నాటకాలే అనిపించే ఒక రకం మానసిక స్థితిలో అప్పుడు ఉన్నానన్నాడు. 2022 ఆగస్టులో టెక్సాస్‌లోని ఆస్టిన్ కోర్టులో ఆ కాల్పులు నూటికి నూరుపాళ్లు నిజమేనన్నాడు. సెప్టెంబరులో కనెక్టికట్ కోర్టుకెళ్లి, ఇక క్షమాపణ చెప్పేది లేదని తెగేసి చెప్పాడు. అంతకు ముందు 2017లో, తన సొంత పిల్లల సంరక్షణ కేసులో అతని లాయరు ‘ఆయన ఒక పాత్ర పోషిస్తున్నాడు’ అని వాదిస్తే, తాను చెప్పేది నమ్మే చెబుతున్నానని జోన్సే శ్రోతలకు చెప్పుకున్నాడు.

ఇది మనసు మారడం కాదు. పిల్లల అక్రమ రవాణా అడ్డా అని ఒక వాషింగ్టన్ పిజ్జా హోటల్ మీద వేసిన నిందకు 2017 మార్చిలో క్షమాపణ చెప్పాడు. నోటీసు అందిన నెలలోగా వెనక్కి తీసుకోకపోతే టెక్సాస్ చట్టం కింద దావాలో శిక్షగా అదనపు పరిహారం కూడా పడొచ్చు మరి. వెనకడుగు గడువు ప్రకారమే పడింది. అతని రాబడి ఎక్కువగా మాత్రలు, పొడుల అమ్మకం మీద. 2018లో కొన్ని రోజులు రోజుకు 8 లక్షల డాలర్లు దాటిందని కోర్టులో బయటపడింది. భయపడ్డ శ్రోతే కొనే శ్రోత. అందుకే సవరణ కోర్టులో చెప్పి, అనుమానం మైకులో నిలబెట్టుకోవాలి. చివరకు రెండు రాష్ట్రాల తీర్పులు దాదాపు 150 కోట్ల డాలర్లకు చేరాయి. తర్వాత అప్పీలులో 15 కోట్లు తగ్గాయి.

కడపలోనో కర్నూలులోనో ఫోనులో చూసే మన యూట్యూబ్ విశ్లేషకులనూ ఇలాగే కొలవాలి. ముక్క వీడియో వద్దు, మొత్తం చూడండి. పెట్టిన తేదీ, నిమిషం, అన్న మాట రాసుకోండి. ‘అంటున్నారట’ అన్నచోట గీత గీయండి, రేపు తప్పించుకునే దారి అదే. పెట్టిన తర్వాత కూడా శీర్షిక మార్చొచ్చు, లింకు మారకుండానే మధ్యలో ముక్క కోసేయొచ్చు. కాబట్టి చూసిన రోజే స్క్రీన్‌షాట్ తీయాలి. సవరణ అదే ఛానల్లో నోటితో చెప్పాడా, కింద చిన్న అక్షరాల్లో పెట్టాడా అన్నదీ చూడాలి.

ఆస్టిన్‌లో జోన్స్‌ను పట్టిచ్చింది కూడా రికార్డే. శాండీ హుక్ గురించి ఫోనులో సందేశాలేవీ దొరకలేదని అతను ప్రమాణం చేసి చెప్పాడు. ఆ సందేశాలున్న ఫోను నకలును అతని లాయర్లే పొరపాటున ఎదుటి లాయరుకు పంపేశారు.