కార్యదర్శి గారు, కలుపు మందు, ఆరు టమాటా కుండీలు

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో నేను ముద్దాయిని. చెవులు ఇంకా చల్లారలేదు.

జరిగింది ఇంతే. పచ్చికలో వెడల్పాకుల కలుపు పెరిగింది. బోటనీ లెక్చరర్ని కనుక పని నా నెత్తిన పడింది. 2,4-డి అనే కలుపు మందు కొట్టి, స్ప్రేయరును రెండుసార్లు నీళ్లతో కడిగి వాచ్‌మన్ గదిలో పెట్టాను. అది నీళ్లకు వదిలే మందు కాదు, అమ్మోనియాతో కడగాలి. క్లాసులో ఏటా చెబుతాను. మర్నాడు కార్యదర్శి గారి భార్య అదే స్ప్రేయరుతో తన టమాటాలకు వేపనూనె కొట్టారు.

ఆవిడ ఒక కుండీ తెచ్చి బల్ల మీద పెట్టారు. కాడ జంతికలా మెలి తిరిగింది. ఆకులు నూనెలో వేసిన అప్పడాల్లా ముడుచుకున్నాయి. చిగురు నేలచూపులు చూస్తోంది. నేనూ అంతే.

“విషం పెట్టారు కదా మాస్టారూ!” అన్నారు కార్యదర్శి గారు.

మొక్కలు కొనిస్తానంటే పోయేది. కాని ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోనిస్తుందా? “విషం కాదండీ, మితిమీరిన ప్రోత్సాహం” అని అందుకున్నాను. మొక్కలో ఆక్సిన్ అనే హార్మోను ఉంటుంది, ఈ మందు దానికి నకలు. కణంలో ఏఆర్ఎఫ్ అనే ప్రొటీన్లు డీఎన్ఏ మీద టి-జి-టి-సి-టి-సి అన్న వరుసను పట్టుకుని కూర్చుంటాయి. జన్యువును పనిలోకి దించే గుమాస్తాలన్నమాట. అయితే ఆక్స్-ఐఏఏ అనే ఇంకో ప్రొటీన్ వాటి నెత్తినెక్కి పని సాగనివ్వదు.

ఉపమానం లేనిదే నాకు పాఠం నడవదు. “ఫైలు సిద్ధం, గుమాస్తా సిద్ధం, పైవాడు సంతకం పెట్టడు. కలుపు మందుకు వేరే స్ప్రేయరు కావాలని నేను నిరుడు ఇచ్చిన అర్జీ ఉంది చూశారా, అలాగన్నమాట.”

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వినబడ్డాక మాస్టారు ఆగుతాడా? ఆక్సిన్ వచ్చి ఆ పైవాణ్ణి టిఐఆర్1 అనే గ్రాహకానికి జిగురులా అతికిస్తుందన్నాను. టిఐఆర్1 ఆక్సిన్ గ్రాహకమని 2005లో తేలిందని కూడా చేర్చాను, ఎవరూ అడక్కపోయినా. అప్పుడు పైవాడి వీపున యుబిక్విటిన్ అనే చీటీ పడుతుంది. ప్రొటియాజోమ్ అనే రుబ్బురోలు వాణ్ణి నుజ్జునుజ్జు చేస్తుంది. గుమాస్తాకు అడ్డు తొలగిపోతుంది. సొంత ఆక్సిన్ ఎక్కువైతే మొక్క సర్దుకోగలదు. 2,4-డి ఒక పట్టాన వదలదు. ఫైళ్లన్నీ ఒక్కసారిగా కదిలి, ఎటు పెరగాలో తెలియక టమాటా ఇదిగో ఇలా అవుతుంది. గడ్డికి అంత ప్రమాదం లేదు.

“అంటే నన్ను రోట్లో వేయాలంటారు.”

“మిమ్మల్ని కాదండీ, ఆక్స్-ఐఏఏని.”

ఈ ఉదయం తీర్మానాలు నోటీసు బోర్డుకెక్కాయి. ఒకటి, కార్యదర్శిని రుబ్బురోట్లో వేయాలన్న లెక్చరర్ గారి వ్యాఖ్యకు ఖండన. రెండు, ఆరు కుండీలకు ఆయనే పరిహారం చెల్లించాలి. మూడు, వేరే స్ప్రేయరు కొనుగోలు అంశం వచ్చే సమావేశానికి వాయిదా.