ప్రపంచానికి తెలుగువాడి కానుక: పందికొక్కు

తెలుగు భాష ప్రపంచానికి ఏమిచ్చింది అని ఎవరైనా అడిగితే ఇకమీదట నీళ్లు నమలక్కర్లేదు. పందికొక్కునిచ్చింది. నవ్వకండి, కాస్త పెద్ద ఇంగ్లిష్ డిక్షనరీ ఏదైనా తీసి బ్యాండికూట్ అనే మాట దగ్గర ఆగండి. పుట్టుక తెలుగు అని, మూలం పందికొక్కు అని, అంటే పంది-ఎలుక అని నిక్షేపంగా రాసి ఉంటుంది. తమిళులు కర్రీ ఇచ్చారు, పడవకు కటమరాన్ అనే పేరిచ్చారు, చుట్టకు చెరూట్ అనే పేరిచ్చారు. మలయాళీల టేకు పోర్చుగీసు వాళ్ల మీదుగా వెళ్లి టీక్ అయింది (మనమూ దాన్ని టేకు అనే అంటాం, కానీ క్రెడిట్ వాళ్లకు పోయింది, మన ఖర్మ). మన వంతు వచ్చేసరికి, ఏ కంపెనీ దొర ఏ ధాన్యపు కొట్టు దగ్గర "ఆ గుర్రుమంటున్నదేంటి" అని అడిగాడో, మనవాడెవడో ఉన్నమాట చెప్పేశాడు.

2008లో తెలుగుకు ప్రాచీన హోదా ఇచ్చినప్పుడు ఈ విషయం ఎవరికీ గుర్తు రాకపోవడం క్షమించరాని నేరం.

ఇక అసలు అన్యాయం ఆస్ట్రేలియాలో జరిగింది. 1799లో జార్జ్ బాస్ అనే నావికుడు అక్కడ మూతి పొడుగ్గా ఉన్న ఒక జంతువును చూసి, మన మాట తీసి దానికి తగిలించేశాడు. దానికీ మన కొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. అది కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచే జాతి, ఆ సంచి కూడా వెనక్కి తెరుచుకుంటుంది, నేల తవ్వేటప్పుడు మట్టి పడకుండా. వాటిలో ఒకదాని కాళ్లు పంది గిట్టల్లా ఉన్నాయని 'పిగ్-ఫుటెడ్ బ్యాండికూట్' అన్నారు, అంటే పంది కాళ్ల పంది-ఎలుక, ఒకే పేరులో రెండు పందులు. దాని శాస్త్రీయ నామంలో 'తోక లేనిది' అని కూడా ఉంది, ఎందుకంటే మొదట దొరికినదానికి తోక ఊడిపోయి ఉంది. తర్వాత తోకలున్నవి ఎన్నో దొరికాయి, పేరు మాత్రం మారలేదు. మనకైతే ఆధార్‌లో తప్పు పడితే కనీసం మీసేవ చుట్టూ తిరిగే అవకాశం ఉంది. ఆ జంతువు ఇప్పుడు భూమ్మీదే లేదు, తప్పు పేరు మాత్రం భద్రంగా ఉంది.

అయినా ఆస్ట్రేలియా వాళ్లను ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. వాళ్లు మన మాటను క్రియ చేసేశారు. పొలంలో బంగాళాదుంప మొక్క పైన పచ్చగా నిలబడే ఉండాలి, కింద దుంపలు మాత్రం మాయం కావాలి, ఆ పనిని వాళ్లు బ్యాండికూటింగ్ అంటారు. చదవగానే నాకు రేషన్ బియ్యం గుర్తొచ్చింది. రిజిస్టరులో బస్తాలన్నీ ఉంటాయి, సంతకాలూ ఉంటాయి, తనిఖీకి వచ్చినాయన టీ కూడా తాగి వెళ్తాడు, గోదాములో మాత్రం చీపురు కట్ట తప్ప ఏమీ ఉండదు. 'గాదె కింద పందికొక్కు' అని మనం వందసార్లు అంటాం కానీ ఇంత పెద్ద రంగానికి ఇన్నేళ్లలో ఒక్క క్రియాపదం పుట్టించుకోలేకపోయాం.

థాయ్ వాళ్ల దగ్గర మాత్రం మన పప్పులుడకలేదు. మన పందికొక్కు వాళ్ల వరిపొలాల్లోనూ ఉంది, దానికి 'నూ ఫుక్' అని వాళ్ల పేరు వాళ్లకుంది. నూ అంటే ఎలుక. పెద్దవాళ్ల ముందు చిన్నపిల్లలు, ఆడపిల్లలు తమను తాము 'నూ' అనే చెప్పుకుంటారట, అంత వినయం. పైగా అక్కడి పల్లెల్లో పొలం ఎలుకను పట్టి నిప్పుల మీద కాల్చుకుని తింటారు. పంట తిన్నదాన్ని రైతు తినడం! ఈ పద్ధతి మన ఆఫీసుల్లోకి వస్తే ఎంతమంది సెలవు పెడతారో ఊహించండి. ఆస్ట్రేలియా జంతువుకు మాత్రం వాళ్లు ఇంగ్లిష్ పేరునే థాయ్ లిపిలో రాసుకున్నారు, అంటే మన పందికొక్కు సిడ్నీ మీదుగా, వీసా లేకుండా, పేరు మార్చుకుని బ్యాంకాక్ చేరిందన్నమాట.

1996లో వీడియో గేమ్‌లో హీరో అయింది, క్రాష్ బ్యాండికూట్. మన పిల్లలు గంటలు గంటలు ఆడారు, "పందికొక్కులా ఆ టీవీ ముందు ఏంట్రా" అని తల్లులు తిట్టారు, ఇద్దరూ ఒకే మాట వాడుతున్నామని ఇద్దరికీ తెలియదు. 2018లో తిరువనంతపురంలో మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగే పని లేకుండా శుభ్రం చేసే రోబోను దించారు, దాని పేరు బ్యాండికూట్. టేకు మలయాళీలదే, ఇప్పుడు కొక్కూ వాళ్లదే.

కాబట్టి నా డిమాండు ఒక్కటే. ఈ మాట వాడిన ప్రతిసారీ తెలుగువాళ్లకు రాయల్టీ రావాలి, వసూలుకు వెంటనే ఒక కమిటీ వేయాలి. ఛైర్మన్ పదవికి అప్పుడే నలుగురు కాచుకుని ఉన్నారు. వచ్చిన డబ్బు ఎక్కడ దాచాలన్నది ఇంకా తేలలేదు, గాదెలో మాత్రం వద్దని నలుగురూ ఒక్కమాట మీదున్నారు, ఎందుకని అడిగితే నలుగురూ నేల చూపులు చూశారు.