నుదురు లేని సిపాయికి బొట్టు

సంక్రాంతి వెళ్లి ఇన్నాళ్లయినా మా అక్కవాళ్లింట్లో యుద్ధం ఆగలేదు. కారణం చిన్నదేమీ కాదు. మా అత్తయ్య, అంటే మా బావ వాళ్లమ్మ, బొమ్మల కొలువులో ఒక సిపాయికి బొట్టు పెట్టింది.

ఓస్ ఇంతేనా అనుకున్నారంటే మీకు ఆ సిపాయి సంగతి తెలీదన్నమాట. లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఎర్ర కోటు, ఎలుగుబంటి చర్మం టోపీ వేసుకుని కదలకుండా నిలబడతారే, ఆ గ్రెనేడియర్ గార్డ్ అతను. ఎత్తు 54 మిల్లీమీటర్లు, మన చూపుడువేలి కంటే కాస్త పొట్టి. రష్యాలో ఎవరో భూతద్దం పెట్టుకుని చేత్తో రంగులేశారట. ఖరీదు 23,000 రూపాయలు, కస్టమ్స్ వాళ్లకు కట్టింది కాక. ఇవేవీ అత్తయ్యకు తెలీవు. మెట్లు కట్టింది, పై మెట్టు మీద రామపట్టాభిషేకం పెట్టింది, దేవుడికి కాపలా ఎవరూ లేరే అనుకుని చూస్తే గాజు బీరువాలో పనీపాటా లేకుండా నిలబడ్డ మనిషి కనిపించాడు. తెచ్చి స్వామి పక్కన నిలబెట్టింది. బొమ్మలన్నిటికీ పెట్టినట్టే ఇతనికీ పెడదామని చూస్తే ఆ టోపీ కళ్ల దాకా దిగిపోయి ఉంది, నుదురే లేదు. "పాపం, వీడికి నుదురు కూడా పెట్టలేదేంటే" అని మా అక్కతో అని, అగ్గిపుల్ల మొన తడి కుంకుమలో ముంచి ముక్కు మీద పెట్టింది.

రాత్రి పదకొండింటికి బావ ఫోన్. గొంతు వింటే ఎవరో పోయారనుకున్నాను.

"రేయ్, అమ్మ గ్రెనేడియర్‌కి బొట్టు పెట్టేసిందిరా."

"మంచిదే కదా బావా, పండగపూట."

ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. నన్ను ఇంత బాధపెట్టిన విషయం మీద ఒక వ్యాసమైనా రాయకపోతే ఎలా? కాబట్టి సైనిక మినియేచర్లు సేకరించే మహానుభావులు దేనికి విలువ ఇస్తారు, దేనికి ఇవ్వరు అనేది ఈరోజు కాస్త గంభీరంగా పరిశీలిద్దాం. నవ్వకండి.

అన్నిటికంటే ముందు, బొమ్మ అనకూడదు. బొమ్మ పిల్లలు ఆడుకునేది. ఇది ఫిగర్. ఒకసారి నేను పొరపాటున "ఈ గుర్రం బొమ్మ బాగుంది బావా" అంటే, ఎవరో తన కొడుకుని పేరు తప్పుగా పిలిచినట్టు చూశాడు. ఆ ఫిగర్‌కి కావలసింది ఒకటే, రియలిజం. ఆ మాట ఆయన అంటుంటే పూజారి నోట్లో సంకల్పంలా ఉంటుంది.

రియలిజం అంటే ఏంటో ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు పాఠం చెప్పాడు. భోజనానికి పిలిచారు కదా అని వెళ్లాను. అక్క లోపల గుత్తివంకాయ తాలింపు పెడుతోంది, ఆ వాసనకి కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి, ఈయన నా చేతిలో నగల షాపువాళ్లు వాడే భూతద్దం పెట్టి గుండీలు లెక్కపెట్టమన్నాడు. బ్రిటిష్ ఫుట్ గార్డ్స్‌లో ఐదు రెజిమెంట్లు ఉన్నాయట. అందరిదీ ఎర్ర కోటే, అందరిదీ అదే టోపీ. మరి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? కోటు ముందు గుండీల వరసని బట్టి. గ్రెనేడియర్లకి గుండీలు ఒక్కొక్కటిగా, కోల్డ్‌స్ట్రీమ్ వాళ్లకి రెండేసి, స్కాట్స్‌కి మూడేసి, ఐరిష్‌కి నాలుగేసి, వెల్ష్ వాళ్లకి ఐదేసి. టోపీకి కుచ్చు వేరే లెక్క: గ్రెనేడియర్లకి తెల్లది ఎడమవైపు, కోల్డ్‌స్ట్రీమ్‌కి ఎర్రది కుడివైపు, స్కాట్స్‌కి అసలు లేదు. "ఎందుకు లేదు బావా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. వంకాయ చల్లారిపోయింది. ఒక కోల్డ్‌స్ట్రీమ్ వాడికి కుచ్చు పొరపాటున ఎడమవైపు వచ్చిందని ఆయన దాన్ని సొంత ఖర్చుతో ఇంగ్లండ్‌కి తిప్పి పంపాడు. కొరియర్ ఖర్చు సిపాయి ధరలో సగం. "ఏమనుకున్నావ్, చరిత్ర అది" అన్నాడు. అర మిల్లీమీటరు కూడా లేని గుండీల్ని నేను కళ్లు చికిలించి లెక్కపెడుతూ ఉన్నాను, అక్క వచ్చి "అన్నం పెట్టనా, ఇంకా కోటు విప్పలేదా" అంది.

ఇంత నిక్కచ్చి మనుషులు కదా, మరి దేనికి ఎక్కువ డబ్బులిస్తారో వినండి. పెట్టెకి. అవును, అట్టపెట్టెకి. లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ 1893లో ఒక ఉపాయం కనిపెట్టింది. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మధ్యలోది బయటికి ఒంపేయడం. సిపాయి పైకి నిండుగా ఉంటాడు, లోపల డొల్ల. లోహం తక్కువ పడుతుంది, తేలిగ్గా ఉంటాడు, చవకగా అమ్మొచ్చు. అప్పటిదాకా బజారంతా ఏలిన జర్మనీ వాళ్ల నిండు సిపాయిలకు అలా గండి పడింది. ఆ బ్రిటన్స్ సెట్లు ఎర్ర అట్టపెట్టెల్లో వచ్చేవి. ఇప్పుడు ఆ పెట్టె కూడా ఉంటే రేటు ఎక్కడికో వెళ్లిపోతుంది. పెట్టెలో సిపాయిల్ని దారంతో కట్టి ఉంచేవారు, ఆ దారం తెగకుండా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అంటే వందేళ్ల క్రితం ఏ పిల్లాడికో పుట్టినరోజుకి కొనిచ్చారు, వాడు ముట్టుకోలేదు. జ్వరమో, కోపమో, పాపం ఇంకేమైందో. ముట్టుకోని ఆ పిల్లాడు మన బావకి దేవుడు. ముట్టుకున్నవాడు విధ్వంసకుడు. నిజానికి ఆ విధ్వంసకులే వేల ఇళ్లలో తలలు విరగ్గొట్టి, మట్టిలో పాతిపెట్టి, మరిచిపోయి ఆటాడుకోబట్టే మిగిలిన నాలుగింటికీ ఈ రేటు వచ్చింది. పిల్లలందరూ బావలాగే బుద్ధిగా బీరువాలో పెట్టుకుని ఉంటే ఇప్పుడు కిలోల లెక్కన అమ్మేవాళ్లు. ఈ మాట అంటే ఒప్పుకోడు.

పోనీ రంగు? మళ్లీ రంగులేస్తే విలువ పోతుంది. పెచ్చులూడి, ఒక కన్ను చెరిగిపోయి ఉన్నా సరే, ఫ్యాక్టరీ రంగే ఉండాలి. రియలిజం ఇక్కడ కాస్త పక్కకి జరుగుతుందన్నమాట. ఒంటికన్ను సిపాయి ఉంటాడులెండి, యుద్ధంలో.

స్కేలు గొడవలోకి దిగను, దిగితే ఈ వ్యాసం పూర్తికాదు. ఒక్కటి మాత్రం చెబుతాను. ట్యాంకులూ వాటి పక్కన సిపాయిలూ చేసేవాళ్లకి 1/35 అనే కొలత, అంటే అసలు దానిలో ముప్పై ఐదో వంతు, వేదవాక్కు. ఎందుకు 35, గుండ్రంగా 30 కాకూడదా, 40 కాకూడదా? జపాన్‌లో తమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకుకి మోటారు పెట్టి అమ్మాలనుకుంది. లోపల బ్యాటరీలు, గేర్‌బాక్సు పట్టాలి. పట్టేట్టు చేశారు. తర్వాత కొలిచి చూస్తే దాదాపు 1/35 వచ్చింది. అదే ప్రపంచ ప్రమాణం అయి కూర్చుంది. టార్చిలైటు బ్యాటరీ నిర్ణయించిన చరిత్ర ఇది. బావకి ఈ కథ చెప్పి, నీ పవిత్రమైన స్కేలు బ్యాటరీ సైజు అంటే, "దాన్ని అలా చూడకూడదు" అన్నాడు. ఎలా చూడాలో చెప్పలేదు.

అమెరికావాళ్ల జీఐ జో సంగతి ఇంకా బాగుంటుంది. 1964లో హస్బ్రో తెచ్చిన అడుగెత్తు సిపాయి. కుడిచేతి బొటనవేలికి గోరు వేలి అడుగువైపు ఉంటుంది. పొరపాటే, కానీ నకిలీలు పట్టుకోవడానికి పనికొస్తుందని అలాగే ఉంచేశారు. ఇప్పుడు సేకరించేవాళ్లు అసలైనదో కాదో చూడ్డానికి ముందు ఆ గోరు చూస్తారు. తప్పువైపు గోరుంటేనే అసలు సిపాయి, సరైనవైపు ఉంటే దొంగ సిపాయి. వియత్నాం యుద్ధం మీద జనానికి ఒళ్లు మండటం మొదలయ్యాక ఈ జో కూడా మెల్లగా తుపాకీ పక్కన పెట్టి సాహసయాత్రలకి వెళ్లిపోయాడు. నిజం సైనికులకి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదనుకోండి. ఆ జో తొలి నమూనా 2003లో 2 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది.

ఇక మట్టి. ఈ ఒక్కదానికీ నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు. కొత్త సిపాయి శుభ్రంగా ఉంటే రియలిజం కాదు కాబట్టి బూట్లకి బురద పూస్తారు. దానికి మట్టిపొడి చిన్న సీసాల్లో అమ్ముతారు. రష్యా మట్టి వేరు, యూరప్ మట్టి వేరు, ఆఫ్రికా దుమ్ము వేరు. ఒక్కో సీసా మూడు నాలుగు వందలు. బావ వాటిని అక్క పోపులపెట్టె కంటే పద్ధతిగా సర్దుకున్నాడు. ఇదే బావ, వాళ్ల నాన్న పొలం నుంచి వస్తే "కాళ్లు బయట కడుక్కుని రా నాన్నా, టైల్స్ పాడవుతాయ్" అంటాడు. మామయ్య నాకేసి చూసి, "గుంటూరు నల్లరేగడి కూడా సీసాలో వస్తుందేమో కనుక్కో అబ్బాయ్, ఎకరంన్నర ఉంది" అన్నాడు.

హాల్లో వాటర్లూ ఉంది, నెపోలియన్ చివరిసారి ఓడిపోయిన యుద్ధం. గాజు కింద, మూడడుగుల బల్ల మీద, 1815 జూన్ 18. ఒక చచ్చిన గుర్రం, దాని నాలుక బయటికి వేలాడుతూ. ఆ నాలుక రంగుకి బావ రెండు వారాలు కష్టపడ్డాడు. నలుగురు చనిపోయిన సైనికులు, నిద్రపోతున్నట్టు, బట్టలు నలక్కుండా. ఆయనకి గురువు విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ లెఫ్టినెంట్. 1830లో సైన్యం అతన్ని వాటర్లూ నమూనా చెయ్యమంది. ఎనిమిది నెలలు ఆ పొలాల్లోనే ఉండి కొలతలు తీశాడు. యుద్ధంలో ఉన్న అధికారులకి ఉత్తరాలు రాసి, సాయంత్రం ఏడింటికి మీ దళం ఎక్కడుంది, మీ ముందు చేలో ఏ పంట ఉంది అని అడిగాడు. మధ్యలో సర్కారు డబ్బులాపేస్తే అప్పుల్లో పడి 1838కి పూర్తిచేశాడు. 70,000 పైచిలుకు చిట్టి లోహపు సైనికులు. ఇంత చేస్తే ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనాని అయిన వెల్లింగ్టన్ ప్రభువుకి అది మింగుడుపడలేదు, గెలుపులో తన పక్షాన పోరాడిన ప్రష్యన్ల, అంటే జర్మనీవాళ్ల, వాటా మరీ ఎక్కువ కనిపిస్తోందని పేచీ. చివరికి వేలకొద్దీ ప్రష్యన్లని బల్ల మీంచి తీసేయాల్సి వచ్చింది. పంట ఏదో కూడా అడిగి తెలుసుకున్నవాడికి జరిగింది ఇది. ఆ నమూనా ఇప్పటికీ లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది.

ఆ పొలంలో ఒక్కరోజులో 40,000 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు. మర్నాడు జనం పట్టకారులు పట్టుకుని వచ్చారు. కుర్ర సైనికుల పళ్లు కదా, గట్టిగా ఉంటాయి, పీక్కెళ్లి కట్టుడుపళ్లకి అమ్ముకున్నారు. వాటర్లూ పళ్లు అని వాటికి పేరే పడింది. బావ, నీ బల్ల మీద పట్టకారు పట్టుకున్నవాడు ఎక్కడ అని అడిగాను. "అలాంటివి ఎవరూ చెయ్యరురా, డిస్‌ప్లేకి బాగోదు" అన్నాడు. గుర్రం నాలుక బాగుంటుంది. మనిషి పన్ను బాగోదు.

సరే, అదంటే రెండొందల ఏళ్ల నాటి పరాయి దేశం గొడవ. మొన్న వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చూసింది చెబుతాను, అప్పుడు నాకు ఎందుకు ఒళ్లు మండిందో మీకే తెలుస్తుంది.

గేటు దగ్గర పగటి డ్యూటీ చేసే ఆయన మాజీ సైనికుడు. శ్రీకాకుళం వైపు మనిషి. 24 ఏళ్ల సర్వీసు, అందులో ఒక టర్మ్ సియాచిన్. భుజాల మీద సెక్యూరిటీ ఏజెన్సీ ఇచ్చిన పట్టీలు, ఒక్కోదాని మీద రెండేసి నక్షత్రాలు. నేను వాటికేసి చూడటం గమనించి ఆయనే నవ్వాడు. "మిలిటరీలో హవల్దార్‌గా దిగాను సార్. ఇక్కడ చేరిన రోజే లెఫ్టినెంట్‌ని చేశారు."

బావ ఆరేళ్లుగా రోజుకి రెండుసార్లు ఆ భుజాల పక్కనుంచి వెళ్తున్నాడు. 54 మిల్లీమీటర్ల మనిషి మీద కుచ్చు ఎడమా కుడా అని ఇంగ్లండ్‌కి పార్సిల్ పంపిన కన్ను. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి భుజం మీద తప్పుడు ర్యాంకు ఆ కంటికి ఆనలేదు. బెంగాల్ నుంచి ఢిల్లీ దాకా ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవారనీ, ముందు వెళ్లినవాళ్లు మన తెలుగు నేల వాళ్లు కావడమే కారణమనీ నాకు చెప్పింది కూడా బావే. బ్రిటన్స్ వాళ్ల పాత సెట్లలో మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఒకటుందనీ, అది దొరికితే లక్షైనా పెడతాననీ అంటుంటాడు. తిలంగా గేటు తీస్తున్నాడు బావా. హారన్ కొట్టకు.

అదైనా క్షమిస్తాను, చూడలేదు అనుకుంటాను. కుర్చీ సంగతి క్షమించను. ఆయనకి గేటు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. పోయిన నెల తీయించేశారు. అసోసియేషన్ సెక్రటరీ ఎవరనుకున్నారు? వాట్సాప్ గ్రూపులో బావ పెట్టిన మెసేజ్ అక్క నాకు చూపించింది: గార్డు కూర్చుంటే సెక్యూరిటీ లుక్ రావడం లేదు, విజిటర్స్‌కి రాంగ్ ఇంప్రెషన్ వెళ్తోంది. కింద పద్నాలుగు బొటనవేళ్లు. లుక్ రావడం లేదట! పన్నెండు గంటల డ్యూటీ, యాభై ఏడేళ్ల వయసు, మంచులో అరిగిపోయిన మోకాళ్లు, ఈయనకి లుక్ కావాలి. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు నిలబడేవాణ్ణి కూడా రెండు గంటలకోసారి మారుస్తారు, ఆ సంగతి గుండీలు లెక్కపెట్టేవాడికి తెలీదా? తెలుసు. నాకు చెప్పింది ఆయనే. గేటు దగ్గరున్నది కూడా ఒక ఫిగర్ అనుకున్నాడు, అంతే. గాజు బీరువా ఒక్కటే తక్కువ. అది కూడా ఉంటే నయం, కనీసం ఎండ తగలదు.

మా అత్తయ్య కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగు కంటే పక్కనున్న చిలక పెద్దది. రాముడి కంటే కూరగాయలమ్మి ఒక జానెడు ఎత్తు. స్కేలు లేదు, రియలిజం లేదు. కానీ నిలబడ్డవాడు కనిపిస్తే ఆవిడ ముందు ముఖం చూసింది. నుదురు లేదని జాలిపడింది.

కుర్చీ గురించి బావతో గొడవపడ్డాను. "అది కమిటీ నిర్ణయంరా, నా ఒక్కడిదీ కాదు" అన్నాడు. నేనే ఒక కుర్చీ కొని తీసుకెళ్లి గేటు దగ్గర వేశాను. రెండు రోజులుంది.

మొన్న ఆదివారం మళ్లీ పిలిచాడు. ఏవేవో ద్రావకాలు తెప్పించి, దూదిపుల్లతో వారం రోజులు తుడిచి, బొట్టు మొత్తానికి వదిలించాడట. గ్రెనేడియర్‌ని దీపం కింద పెట్టి, భూతద్దం నా చేతికిచ్చి, పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ముక్కు మీద ఇంకా ఏమైనా గులాబీ రంగు మరక కనిపిస్తోందా? నిజం చెప్పు."

చాలాసేపు చూశాను. తల అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. ఏమీ లేదు, అద్దంలా ఉంది.

"కనిపిస్తోంది బావా" అన్నాను.